అట్ట వెనుక పడిన పాచికలు

ఒక అబద్ధాన్ని ఏళ్ల తరబడి మోశాను. చిన్నదే. ఒక్క మాట. అనడానికి రెప్పపాటు పట్టింది. మోయడానికి నా వయసులో మంచి భాగమంతా పట్టింది.

మీరెవరో నాకు తెలియదు. బహుశా మీరు కూడా నలుగురిని చుట్టూ కూర్చోబెట్టుకుని కథాట నడిపేవారు అయి ఉంటారు, లేదా నడపాలని ఆశపడుతున్నవారు. అలాంటివాళ్లు నా దగ్గరికి సలహా కోసం వస్తుంటారు. జనగామ నుంచి, మహబూబాబాద్ నుంచి, భూపాలపల్లి నుంచి. గేమ్ మాస్టర్ అన్నవాడు మొదట ఏం నేర్చుకోవాలని అడుగుతారు. నా మొదటి సలహా ఎప్పుడూ ఒకటే. పాచికలు అందరి ముందూ వెయ్యండి, దాచకండి. మీకెట్లా తెలిసింది సార్ అంటే, అనుభవం అంటాను. అక్కడితో ఆపేస్తాను. ఆ అనుభవం ఏమిటో మొన్న వానాకాలం దాకా ఎవరికీ చెప్పలేదు.

ఆట తెలియనివారి కోసం రెండు మాటలు. ఒకరు కథ నడుపుతారు. ఆయనే గేమ్ మాస్టర్. మిగతావాళ్లు కథలో తలా ఒక మనిషి అవుతారు. ఎదురుగా గోడ ఉంది, ఏం చేస్తావు అని మాస్టర్ అడుగుతాడు. ఎక్కుతానంటావు. ఎక్కగలవో లేదో అనుమానమైతే పాచికలు వేస్తారు. రెండు పాచికలు కలిపి ఏడు, లేదా అంతకు పైన పడితే పని జరిగినట్టు. తక్కువ పడితే లేనట్టు. పని మరీ కష్టమైనదైతే మాస్టర్ ఆ అంకెను పెంచొచ్చు. ఏం జరగబోతుందో ఎవరికీ ముందు తెలియదు. మాస్టర్‌కి కూడా తెలియకూడదు. ఆ తెలియకపోవడం కోసమే జనం గంటల తరబడి కూర్చుంటారు.

నేను దాన్ని హైదరాబాద్‌లో, హాస్టల్ సీనియర్ల దగ్గర నేర్చుకున్నాను. నేను నోరు విప్పితే వాళ్లు నవ్వేవాళ్లు. చెడ్డవాళ్లేం కాదు. సినిమాల్లో మన మాట వినబడగానే నవ్వడం అలవాటైనవాళ్లు. నీ భాషకు దొంగ వేషమే బాగా కుదురుతుందని ప్రతి కథలోనూ నన్ను దొంగనో, తాగుబోతు కాపలావాడినో చేసేవాళ్లు. నేనూ వాళ్లతో కలిసి నవ్వేవాణ్ణి. రెండేళ్లు నవ్వాను. ఆ రెండేళ్లూ ఒక నోట్‌బుక్‌లో నా సొంత కథ రాసుకుంటూ వచ్చాను. నేనే మాస్టర్‌నైన రోజున నడపాల్సిన కథ. నలభై పేజీలు. ఒక కోట, దాన్ని చుట్టుముట్టిన పరాయి సైన్యం, కోటలో అడుగంటిన ధాన్యం, చివర్లో యువరాజుకీ శత్రు సేనాపతికీ కత్తియుద్ధం. చివరి పేజీ ఎంత బాగా రాసుకున్నానో నాకు కంఠతా వచ్చు. అదే నా మొదటి తప్పు అని ఇప్పుడు తెలుసు. చివరి పేజీ రాసి పెట్టుకున్న మాస్టర్ ఆటగాళ్ల మాట వినడు.

చదువు అయిపోయి డోర్నకల్ వచ్చేశాను. మా బాపు రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్. స్టేషన్ వెనుక క్వార్టర్లలో ఉండేవాళ్లం. అప్పుడే ప్రత్యేక రాష్ట్రం కోసం సకల జనుల సమ్మె మొదలైంది. బడులు మూతపడ్డాయి, ఆఫీసులు మూతపడ్డాయి, బస్సులు డిపోలు దాటలేదు, బొగ్గుబావులు ఆగిపోయాయి. ఊరంతా పొద్దున సమ్మె శిబిరానికి పోయేది. మధ్యాహ్నం అన్నాలు తిన్నాక ఎవరికీ పని లేదు. మా వరండాలో ఆట అలా మొదలైంది.

ఆడినవాళ్లు ముగ్గురు. సత్తయ్య సార్ దంతాలపల్లి బడిలో పంతులు, నలభై దాటినవాడు, సమ్మెలో ఉన్నాడు. సంపత్‌ది భూపాలపల్లి. వాళ్ల నాయిన బొగ్గుబావిలో పనిచేస్తాడు. అక్కను చూసిపోదామని వచ్చి, బస్సులు లేక మా పక్క క్వార్టర్‌లో చిక్కుకుపోయాడు. మూడో మనిషి మంజుల. కొడకండ్ల దగ్గర తండా ఆమెది. మానుకోటలో డిగ్రీ రెండో సంవత్సరం. మహబూబాబాద్‌ను మేం మానుకోట అనే అంటాం. కాలేజీ మూతపడ్డాక మేనమామ ఇంట్లో ఉంటోంది. ఆయన పట్టాలు బాగుచేసే గ్యాంగ్‌మన్.

పిల్లల వైకుంఠపాళి డబ్బాలోంచి రెండు పాచికలు తీసుకున్నాను. పాత క్యాలెండర్ అట్టను నడిమికి మడిచి నా ముందు నిలబెట్టుకున్నాను. దాని వెనుక నా నోట్‌బుక్. పాచికలు కూడా దాని వెనుకే. అందరి తరఫునా నేనే వేసేవాణ్ణి, నేనే చూసేవాణ్ణి, నేనే చెప్పేవాణ్ణి. సీనియర్లు అలాగే చేసేవారు.

సంపత్ యువరాజయ్యాడు. సత్తయ్య సార్ మంత్రి. మంజులను ఏం వేషం కావాలని అడిగితే, ఎడ్ల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని ఊరూరూ తిరిగే బిడారుకు నాయకురాలినవుతానంది. వాళ్ల తాతలు అలా తిరిగారట. వాళ్ల యాడి, అంటే అమ్మ, ఆ సంగతులు చెప్పేదట. సోనీ అని పేరు పెట్టుకుంది. నా నలభై పేజీల్లో ఎడ్లు ఎక్కడా లేవు. సరే అన్నాను.

ఇప్పుడొక సంగతి ఒప్పుకోవాలి. పెద్ద తప్పు కంటే ముందు జరిగినది, దానికి వేరు లాంటిది. నా కథలో రాజు పుస్తకాల తెలుగు మాట్లాడేవాడు. సేనాపతి కూడా. దొంగలు, కాపలావాళ్లు, పిరికివాళ్లు మన మాట మాట్లాడేవాళ్లు. నేను గొంతు మార్చి వాళ్లను పలికిస్తుంటే సంపత్, సత్తయ్య సార్ పొట్టలు పట్టుకుని నవ్వేవారు. పొద్దున శిబిరంలో మైకు పట్టుకుని, మన భాషను ఎక్కిరిస్తే ఊరుకోమని చెప్పి చప్పట్లు కొట్టించుకునేవాణ్ణి. మధ్యాహ్నం రెండింటికి వరండాలో కూర్చుని అదే భాషను దొంగల నోట్లో పెట్టేవాణ్ణి. ఆ కొన్ని గంటల తేడాలో నేను ఏమయ్యేవాణ్ణి? హాస్టల్లో నాకు జరిగినదాన్ని తెచ్చి నా వాళ్లకే ఎందుకు వడ్డించాను? ఎన్నోసార్లు అడుక్కున్నాను. దొంగ వేషాలు వేసి వేసి, రాజంటే ఇలాగే మాట్లాడాలని నేనూ నమ్మేశాను. అంతకంటే మంచి జవాబు దొరకలేదు.

మంజుల నవ్వేది కాదు. ఐదో రోజో ఆరో రోజో, చాలా మామూలుగా అడిగింది.

"అన్నా, రాజు మన లెక్క మాట్లాడితే ఏమైతది?"

రాజు రాజే కదా అని ఏదో గొణిగాను. సత్తయ్య సార్ నవ్వడం ఆపేసి ఆమె వైపు చూశాడు. ఆ క్షణం నుంచి వరండాలో ఏదో మారింది. ఏం చేద్దామని నేనడిగితే మిగతా ఇద్దరూ మంజుల మొహం చూడడం మొదలుపెట్టారు. నేను మాస్టర్‌నైనా, ఆట నా చేతిలోంచి జారి ఆమె దగ్గరికి పోతోందని నాకు అర్థమైంది. ఇప్పుడైతే దానికి పండగ చేసుకుంటాను. ఆటగాడు కథను తన చేతుల్లోకి తీసుకున్నాడంటే మాస్టర్ గెలిచినట్టు. అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్లు. నా ఒళ్లు మండింది.

మర్నాడు సోనీ ఒక ఉపాయం చెప్పింది. కోట వెనుక వరద పొంగుతున్న ఏరు ఉంది, అటువైపు శత్రువుల కాపలా లేదు. నూరు ఎడ్ల మీద ధాన్యం వేసి ఆ ఏరు దాటిస్తే కోటకు ఆకలి తీరుతుంది. ఆకలి తీరితే కోట లొంగదు, కత్తియుద్ధమూ అక్కర్లేదు. ఎడ్లను ఎక్కడ దింపాలో, ముందు ముసలి ఎద్దును ఎందుకు నడపాలో, తోకలు పట్టుకుని ఎవరు ఈదాలో అన్నీ చెప్పింది. సంపత్ లేచి నిలబడ్డాడు. "అక్కా, గిది ఐతే కోట బతికినట్టే," అన్నాడు. నా నలభై పేజీలు అట్ట వెనుక తెరిచి ఉన్నాయి.

పాచికలు వేశాను. ఒకటి ఆరు. ఒకటి ఐదు. పదకొండు.

నేను ఆ రెండు పాచికలనూ చూస్తూ మూడు అన్నాను.

గొంతు తడబడలేదు. అది నన్ను ఇప్పటికీ భయపెడుతుంది. వరద పెరిగింది, ముసలి ఎద్దు కాలు జారింది, ఒకదాని వెనుక ఒకటి నూరు ఎడ్లూ కొట్టుకుపోయాయి, తాడు వదలని సోనీ కూడా వాటితోపాటే పోయింది అని చెప్పాను. బాగా చెప్పాను. సంపత్ కళ్లలో నీళ్లు తిరిగేంత బాగా చెప్పాను.

మంజుల కాసేపు అట్ట వైపే చూసింది.

"ఒక్కసారి చూపెడ్తవా అన్నా?"

"మాస్టర్ పాచికలు చూపియ్యడు మంజులా. ఆట రూలు."

అంటూనే రెండూ గుప్పిట్లోకి తీసుకున్నాను. అరచేతిలో వాటి అంచులు గుచ్చుకున్నాయి.

"సరే అన్నా. రూలంటే రూలే," అంది. తన టీ గ్లాసు కడిగి బోర్లించి వెళ్లిపోయింది.

ఇక్కడితో ఆగి ఉంటే బహుశా ఇంత బరువుండేది కాదు. మర్నాడు మంజుల వచ్చింది, ఆడడానికి కాదు. మెట్ల దగ్గరే నిలబడి సత్తయ్య సార్‌తో, సంపత్‌తో చెప్పింది. "నా తొందరకు ఎడ్లన్నీ పోయినయ్ సార్. మీ ఆట గూడ ఖరాబు చేసిన." ఆ అమ్మాయి క్షమాపణ అడుగుతోంది. నేను మూడడుగుల దూరంలో కూర్చుని ఉన్నాను. నోరు తెరిచాను. నిజం చెప్పడానికే తెరిచానని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకుంటూ వచ్చాను. నిజంగా అందుకేనా? నోట్లోంచి వచ్చింది మాత్రం వేరే మాట.

"పర్వాలేదు మంజులా. కొత్తల అట్లనే ఉంటది. జర తొందర తగ్గించుకోవాలె, అంతే."

మూడు అన్న అబద్ధం కోపంలో వచ్చింది. ఈ సలహా మాత్రం నింపాదిగా, పెద్దమనిషి తరహాలో ఇచ్చాను. రెండింట్లో ఏది ఎక్కువ తప్పంటే, ఇదే అంటాను.

ఆమె మూడు రోజులు రాలేదు. ఆట మాత్రం నా నోట్‌బుక్ చెప్పినట్టే నడిచింది. యువరాజు నడవాల్సిన చోట నడిచాడు, మంత్రి అనాల్సిన మాట అన్నాడు. ఎవరికీ సంతోషం లేదు. మూడో రోజు సత్తయ్య సార్ చాప మీంచి లేస్తూ అన్నాడు. "తమ్మీ, నువ్వు చెప్తున్నవ్, మేము ఇంటున్నం. ఇండ్ల మా పనేమున్నది?" గేమ్ మాస్టర్ల కోసం నేను ఎన్ని సలహాలు చెప్పినా, ఆ ఒక్క ప్రశ్నకు మించినది లేదు. ఆయన చెప్పులేసుకుని నేరుగా గ్యాంగ్‌మన్ ఇంటికి పోయి మంజులను వెంటబెట్టుకొచ్చాడు.

వస్తూ ఆమె ఒక ఎర్రగుడ్డ తెచ్చింది. వరండా మధ్యలో పరిచింది.

"మా తండల గవ్వలాడితే నడుమ బట్ట పరిచి ఏస్తరు. ఎవరి చెయ్యి ఆళ్లది. అందరు చూస్తరు. మనం గూడ గట్లనే ఏద్దామన్నా, మంచిగుంటది."

నన్ను అనుమానించే ఆ మాట అంటోందేమోనని ఆమె ముఖమంతా వెతికాను. అనుమానం లేదు. ఆటను మళ్లీ నిలబెట్టాలన్న ఉత్సాహమే ఉంది. ఆమె నన్ను దొంగ అని ఉంటే తేలిగ్గా ఉండేది. నేను అట్టను మడిచి గోడ పక్కన పెట్టాను. నోట్‌బుక్‌ను దాని కింద పెట్టాను.

ఆ తర్వాత జరిగినది నా జీవితంలో నేను చూసిన అన్నింటికంటే గొప్ప ఆట. తప్పు చేసినవాడి నోటితో చెప్పినా అది గొప్పదే.

మంజుల ఈసారి ఎల్లవ్వ అనే ముసలామె అయింది. శత్రువుల దండులో వంటచేసే మనిషి. ఆ దండులో కట్టెలు కొట్టేవాళ్లు, నీళ్లు మోసేవాళ్లు, గుర్రాలకు గడ్డి కోసేవాళ్లు అందరూ మన ఊళ్ల నుంచి పట్టుకుపోయి వెట్టి చేయిస్తున్నవాళ్లే కదా అని నన్నడిగింది. నేను అంతవరకూ ఆలోచించనే లేదు. అవును, అయి ఉండాలి అన్నాను. "అయితే ఆళ్లందరు ఒక్కనాడు పని బంద్ పెడితే దండు ఏం తింటది?" అంది. సత్తయ్య సార్ తొడ మీద చరిచాడు. వీధిలో ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. పొద్దున మేమందరం చేసి వచ్చినదే అది.

మంత్రి తలపాగా తీసేసి కట్టెలు కొట్టేవాడిలా దండులోకి పోయాడు. యువరాజు కత్తి దాచిపెట్టి గడ్డి మోపు ఎత్తుకున్నాడు. పాచికలు ఎర్రగుడ్డ మీద పడుతుంటే నలుగురం మెడలు చాచి చూసేవాళ్లం. ఓడితే ఓడిపోయేవాళ్లు. సంపత్‌ను గుర్తుపట్టి చెట్టుకు కట్టేశారు. రెండు పడింది, అందరూ చూశారు, ఎవరూ గొణగలేదు. ఓటమి కళ్ల ముందు జరిగితే మనిషి దాన్ని మోసి ముందుకు పోతాడని నాకు అప్పుడే తెలిసింది. కట్లు ఎలా విప్పాలని వాళ్లు మాట్లాడుకుంటుంటే నేను చెవులు రిక్కించి విన్నాను. తర్వాత ఏమవుతుందో నాకూ తెలియదు. ఎంత బాగుందో చెప్పలేను. మొదటిసారి నేను కూడా ఆడుతున్నాను.

చూసేవాళ్లు చేరారు. మొదట పక్కింటి ఆడవాళ్లు చాటల్లో బియ్యం ఏరుకుంటూ కూర్చున్నారు. తర్వాత పిల్లలు. తర్వాత డ్యూటీ దిగిన గ్యాంగ్‌మన్లు. ఎల్లవ్వ ఇంకా దొరకలేదా అని నీళ్ల పంపు దగ్గర నన్నడిగేవాళ్లు.

చివరి రోజు రైల్ రోకో. పొద్దుటి నుంచి ఒక్క బండి కదలలేదు. పట్టాల మీద కూర్చున్న జనం ఎండ తగ్గాక లేచి మా వరండా ముందుకొచ్చారు. జెండాలు గోడకు ఆనించి నిలబడ్డారు. మా బాపు కూడా వచ్చాడు, యూనిఫాంతోనే. కథలో దండు ఆకలితో ఉంది. మూడు పూటలుగా పొయ్యి వెలగలేదు. సేనాపతి కొరడాలవాళ్లను పిలిపించాడు, పని మొదలుపెట్టకపోతే ఎల్లవ్వను అందరి ముందూ కొట్టిస్తానన్నాడు. ఎల్లవ్వ లేచి నిలబడింది. జనం ఆమె వెనుక నిలబడతారా, చెదిరిపోతారా? అంతా ఆ రెండు పాచికల్లోనే ఉంది.

ఎంత పడాలి అని మంజుల అడిగింది. నేను నిజాయితీగా ఆలోచించాను. కొరడాల ముందు నిలబడడం తేలిక కాదు. పది అన్నాను. వరండా అంతా నిట్టూర్చింది. ఆమె మాత్రం తలూపింది. "సరే, పది," అంది.

వేసింది. ఒక పాచిక నాలుగు దగ్గర ఆగింది. రెండోది గిరగిరా తిరిగి, సత్తయ్య సార్ మోకాలికి తగిలి, గుడ్డ అంచున ఆగింది.

ఆరు.

అరుపులకు క్వార్టర్ల మీది పావురాలు లేచిపోయాయి. స్టేషన్‌లో బండి వచ్చిందనుకుని ఎవరో పరుగెత్తారు. సంపత్ మంజుల చుట్టూ గంతులేశాడు. ఆడవాళ్లు బియ్యం చాటలు పక్కన పెట్టి ఆమెను దగ్గరికి తీసుకున్నారు. బాపు నా భుజం మీద చెయ్యేసి, "మంచిగ నడిపినవ్ బిడ్డా," అన్నాడు. ఆయన నన్ను మెచ్చుకోవడం అదే మొదలు.

సైన్యం డేరాలు పీక్కుని పోయింది. కోట తలుపులు తీసి రాజు బయటికొచ్చాడు. రాజు మాట్లాడాలి, అంటే నేను మాట్లాడాలి. అందరూ ఎదురుచూస్తున్నారు. నోరు తెరిచాను. పుస్తకాల తెలుగు రాలేదు.

"అవ్వా, నువ్వు లేంది నాకు కోటేంది, రాజ్యమేంది. జర లోపటికి రా. ఇయ్యాల నీకు నేను వండి పెడ్త."

ఒక్కరు కూడా నవ్వలేదు. వెనుక వరసలో ఒక ముసలాయన కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. మంజుల నా వైపు చూసి నవ్వింది, ఆ ఆటంతటిలో మొదటిసారి. ఆ రోజు ఆ వరండాలో మేం గెలిచాం. రాష్ట్రం ఇంకా రాలేదు, వస్తుందో లేదో తెలియదు. అయినా గెలిచినట్టే ఉంది.

అంత గెలుపు మధ్యలో నాకు ఆ పదకొండు గుర్తొచ్చింది. సంపత్ అందరికీ చెబుతున్నాడు: "మాస్టరన్న గావాలనే అట్ట తీసేసిండు. అందరికి కనబడాలని." నేను కాదనలేదు. ఇప్పుడు చెబితే పండగ పాడవుతుందనుకున్నాను. రేపు చెబుదామనుకున్నాను. సమ్మె అయిపోయింది, బస్సులు నడిచాయి, సంపత్ భూపాలపల్లి పోయాడు, మంజుల మానుకోట పోయింది. రేపు రాలేదు.

రాష్ట్రం వచ్చింది. అప్పటి మా ఒక్క జిల్లా ఎన్నో జిల్లాలైంది. నేను పిల్లలకు, పెద్దలకు ఆ ఆట నేర్పుతూ ఊళ్లు తిరిగాను. పాచికలు నడుమ వెయ్యండి. చివరి పేజీ రాసుకోకండి. మాట్లాడని మనిషిని ముందు అడగండి. రాజు చేత మన మాట మాట్లాడించండి. నేను నేర్పినవన్నీ మంజుల దగ్గర దొంగిలించినవే. నాకు పేరొచ్చింది. ప్రతి చప్పట్లకూ కొంచెం బరువు పెరిగింది.

మొన్న వానాకాలంలో మంజుల ఫోన్ చేసింది. భూపాలపల్లి దగ్గర బడిలో టీచర్ ఆమె. ఆదివారాలు పిల్లలతో ఆట నడుపుతుంది. వాళ్లలో కొందరు మాస్టర్లవుదామనుకుంటున్నారు, వచ్చి నాలుగు మాటలు చెప్పమంది. వెళ్లాను. పిల్లలు ఇంకా చేరుతున్నారు. బడి అరుగు మీద ఇద్దరమే ఉన్నాం. ఎలా మొదలుపెట్టాలో బస్సులో ఎన్నో రకాలుగా అనుకున్నాను. ఏదీ గుర్తురాలేదు. సోనీ ఏరు దాటబోయిన రోజు నేను అబద్ధం చెప్పాను, అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

"ఎంత పడ్డది?"

"పదకొండు."

"పదకొండు," అని తనలో తాను అనుకుంది. తర్వాత అంది: "నేను ఇన్నేండ్లు నా తొందరే అనుకున్నన్నా. గీ పిల్లలకు గూడ గదే చెప్తున్న. తొందరపడకుండ్రి, నా లెక్క ఖరాబు చేసుకోకుండ్రి అని."

నా అబద్ధం ఎంత దూరం పోయిందో నాకు అప్పటిదాకా తెలియదు. నేను ఇచ్చిన ఆ పెద్దమనిషి సలహా ఆమె నోట్లోంచి ఎంతమంది పిల్లల చెవుల్లోకి పోయిందో. తప్పయిందని అన్నాను. ఆమె లేచి నిలబడింది.

"నాకు చెప్పినవ్ గదా. ఇగ ఆళ్లకు గూడ చెప్పు. నువ్వే చెప్పు."

చెప్పాను. ఇరవై మంది పిల్లల ముందు, మొదటి నుంచి, ఏదీ తగ్గించకుండా. రెండు జడల అమ్మాయి ఒకతె చెయ్యెత్తింది. "మరి ఎడ్లు బతికినట్టా సార్?" మంజుల గుడ్డ పరుస్తూనే అంది: "బతికినయ్. ఏరు దాటినయ్. ఆడికెల్లే ఇయ్యాల ఆట." పిల్లలు ఒకరినొకరు తోసుకుంటూ గుడ్డ చుట్టూ చేరారు. మొదటి పిల్లవాడు ఏదో జాగ్రత్త ఉపాయం చెప్పబోతే, "దబ్బున చెప్పు, ఎందుకు భయపడ్తున్నవ్," అని ఆమె వాణ్ణి తొందరపెట్టింది. ఆ గొంతులో ఒక కొత్త జోరు ఉంది. సాయంత్రం దాకా వాళ్లు ఆడుతూనే ఉన్నారు. నేను గోడకానుకుని విన్నాను. ఆమె నాకు చుట్టానికి ఇచ్చినట్టు టీ ఇచ్చింది. బస్సు వేళైందని చెప్పింది. పర్వాలేదు అనే మాట మాత్రం అనలేదు. నేనూ ఆశించకూడదు.

ఇంటికొచ్చాక సంపత్‌కు ఫోన్ చేశాను. గిప్పుడెందుకు చెప్పినవన్నా అని చాలాసేపు బాధపడ్డాడు. సత్తయ్య సార్ మొత్తం విని ఫోన్ పెట్టేశాడు. మళ్లీ చేస్తే ఎత్తలేదు.

మిగిలింది మీరు. నా సలహాలు విని ఆట నడుపుతున్నవారు, నన్ను పెద్దవాడిగా తలిచేవారు. పాచికలు అందరి ముందూ వేయాలని నేను కనిపెట్టలేదు. నేను దాచాను, మోసం చేశాను, ఒక ఇరవై ఏళ్ల అమ్మాయి గెలుపును ఆమె తప్పుగా మార్చి ఆమె చేతికే ఇచ్చాను. ఆ అమ్మాయి అది తెలియకుండానే నాకు దారి చూపించింది. ఈ మాట రాయడానికి పొద్దుటి నుంచి కూర్చున్నాను. మధ్యలో రెండుసార్లు కాగితం చించబోయాను, చించలేదు. ఇప్పుడు మీకూ తెలుసు. ఛాతీ మీద ఇక బరువు లేదు. లేచి కిటికీ తలుపులు బార్లా తీసి, గట్టిగా ఊపిరి పీల్చుకున్నాను.